ఈ పద్యము వేమనదేనా?



వేమన పద్యములను గూర్చి ఆధునిక పండితులు చేసిన పరిశోధన నేటి నా ప్రసంగమునకు విషయము. ఈ మాట వినగానే, “వేమన పద్యములకు పరిశోధన యెందులకు? అవి మాకు చిన్ననాటినుండి కంఠస్థములే కదా” అని తాము అనుకొనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే అనుకొంటిని. ఆ యభిప్రాయము మారుటకు బనగానపల్లెలో జరిగిన చిన్న సంగతి యొకటి కారణమైనది. ముందుగా దానిని మనవి చేసెదను.

అప్పటికి నాకు ఇరువది యేండ్లుండును. బనగానపల్లెలో ఒక పెండ్లికి పోయి, భోజనములైన పిమ్మట పందిరి క్రింద పదుగురితో కూర్చుండి యుంటిని. మాటమీద మాట వచ్చి, ఒక వృత్తివారిని హేళనచేయు పద్యమొకటి చదివితిని. దాని చివర వేమన మకుటము కలదు. ఆ వృత్తి యేదో ఇప్పుడు చెప్పను. చెప్పినచో ఆనాడు చేసిన తప్పునే మరల చేసినవాడ నగుదును. అందరును నవ్విరి. ఆ వృత్తిమీదనే బ్రతుకు వృద్ధుడొకడు పందిరిగుంజ కానుకొని కూర్చుండి యుండెను. నేనాతనిని గమనింపలేదు. నవ్వులు సద్దుమణిగిన పిమ్మట ఆతడు, కంఠమున కోపమించుకయు లేక, “ఏం నాయినా, ఈ మాట వేమన్న చెప్పినాడా, నువ్వు చెప్తాండావా?” అని యడిగెను.

“వేమన్నదే తాతా, కడాన పేరుండాది గదా” అంటిని.

ఆతడు మరల మాటాడలేదు. తుండుగుడ్డ భుజముపై వేసికొని లేచి వెడలిపోయెను. నేను చెప్పిన సమాధానము నాకే చాలలేదు. చివర పేరున్నంత మాత్రమున పద్యము వేమనదగునా? ఈ ప్రశ్న పట్టుకొని పుస్తకములలోనికి పోయితిని. పోయిన కొలదిని, ఇది నా యొక్కని సందేహము కాదనియు, దీనికై పండితులు జీవితములే ధారపోసిరనియు తెలిసినది.

మకుటమున కెంత విలువ యీయవలెనో బనగానపల్లెవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ యూరి మామిడిని ఎరుగనివారు లేరు. 2017 లో ఆ పేరునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను సంతలో బుట్టమీద ఆ పేరు వ్రాసి పెట్టినంత మాత్రమున తెలిసినవాడు కొనడు. కాయను చేతబట్టి చూచును, వాసన చూచును, ఏ తోటదని యడుగును. పద్యము చివరనున్న మకుటము బుట్టమీది చీటి వంటిది. అది అబద్ధమని కాదు. అది యొక్కటియే చాలదని నా మనవి.

అందులోను వేమన మకుటమునకు ఒక విశేషమున్నది. ఆయన పద్యములు చాలభాగము ఆటవెలదులు. నాలుగు పాదములలో కడపటిది అన్నిటను ఒక్కటియే. కనుక క్రొత్తగా పద్యము కట్టదలచినవానికి నాలుగవ పాదము ముందే సిద్ధముగా నుండును. మూడు పాదములు కూర్చిన చాలును. ఆటవెలది నడక చెవికి పట్టినవాడు, ఛందశ్శాస్త్రము చదువకున్నను, దానిని కూర్పగలడు. తన పేరు పెట్టినచో వినువాడుండడు. వేమన పేరు పెట్టినచో ఊరెల్ల వినును. ఇట్లు చేసినవారందరును మోసగాండ్రని నేననను. భక్తిచేత కట్టినవారుందురు, వేదాంతము బోధించుటకు కట్టినవారుందురు, తగవులో పైచేయి కొఱకు కట్టినవారు నుందురు. ఈ మూడు తెగల పద్యములును ఒకే మూటలో పడి మన చేతికి వచ్చినవి.

ఇట్టి చిక్కు మనకొక్కరికే కాదు. దూరదేశపు కవి యొకని సంగతి చూచినచో మన సంగతి మరింత తేటపడును.

క్రీస్తుశకము మొదటి శతాబ్దము కడపటను, రెండవ శతాబ్దము తొలిభాగమునను రోము నగరమున జువెనాల్ అను కవి యుండెను. ఆతడు లాటిను భాషలో పదునారు అధిక్షేప కావ్యములు వ్రాసెను. లోకములోని దుర్గుణమును ఎత్తిపొడిచి, నవ్వించి, సిగ్గుపరచు కవిత్వమునకు అధిక్షేపమని పేరు. పేదవాడు తెల్లవారకమునుపే ధనికుని వాకిట పడిగాపులు గాచుట, ఒకే విందులో యజమానికి మంచిరొట్టెయు పిలువబడిన పేదకు బూజుపట్టిన రొట్టెయు వడ్డించుట, నడవడి లేనివాడు ఇంటిలోని పూర్వుల ప్రతిమలను చూపి గొప్పలు చెప్పుకొనుట, ఇట్టివి ఆతని వస్తువులు. వేమనను చదివినవారికి ఈ కవి పరాయివాడుగా తోపడు. ఆతని జీవితమును గూర్చి నిలుకడగా చెప్పదగినది మిక్కిలి స్వల్పము. రాజాగ్రహమునకు గురియై ముసలితనమున దేశాంతరమునకు పంపబడెనని పాతకథలు చెప్పును గాని, వానిని నమ్ముటకు నేటి పండితులు జంకుదురు.

జువెనాల్ తొలి కావ్యములలో కోపము మండుచుండును. కడపటి వానిలో నింపాదియు ఉపదేశమును హెచ్చు. 1865 లో జర్మనీ దేశపు పండితుడు ఒట్టో రిబ్బెక్ దీనిని పట్టుకొని, ఇంత భేదమున్న కావ్యములను ఒక్కడే వ్రాసియుండడని తీర్పుచెప్పి, కడపటి వానిలో పెక్కింటిని జువెనాల్‌వి కావని త్రోసివేసెను. మనుష్యుడు దైవమును ఏమి కోరుకొనదగునని విచారించు పదియవ కావ్యము లోకమంతయు మెచ్చుకొన్నది. అదియు ఆ త్రోసివేతలో పడెను. రిబ్బెక్ చేసినదేమి? ముందుగా తన మనస్సున కవికొక రూపము గీసికొనెను. ఆ రూపమున కొదుగని దానినెల్ల కల్పితమనెను. తరువాతి పండితులు ఈ తీర్పును అంగీకరింపలేదు. 1988 లో సుసానా బ్రౌండ్ అను విదుషి జువెనాల్ మూడవ సంపుటమును గూర్చి గ్రంథము వ్రాసి, కవి బుద్ధిపూర్వకముగనే కోపమును విడిచి వ్యంగ్యపు చిరునవ్వునకు తిరిగెనని చూపెను. ఒకడు మారినాడనుటకును, ఇద్దరున్నారనుటకును చాల భేదము కలదు కదా.

ఇక రెండవ సంగతి. 1899 లో విన్‌స్టెడ్ అను ఆక్స్‌ఫర్డు విద్యార్థి అక్కడి బోడ్లియన్ గ్రంథాలయములో జువెనాల్ వ్రాతప్రతి యొకటి చదువుచు, ఆరవ కావ్యమునందు మరి యే ప్రతిలోను లేని 36 పంక్తులను కనుగొనెను. ఎందరో పండితులు శతాబ్దములపాటు చదివిన కవి! ఇన్ని పంక్తులు ఎవరి కంటను పడక ఒక్క ప్రతిలో దాగియుండెను. ఇవి కవివా, వ్రాయసకాడెవ్వడైన చేర్చినవా యని వాదము రేగెను. లాటిను గ్రంథములను పరిష్కరించుటలో అగ్రగణ్యుడైన ఎ. ఇ. హౌస్మన్ 1905 లో తన జువెనాల్ ప్రతిని ప్రకటించుచు, అవి కవివే యని యంగీకరించెను. ఒప్పుకొననివారు నున్నారు, ఆ వాదము నేటికిని తీరలేదు. హౌస్మన్ గట్టిగా చెప్పిన మాట యొకటి మనకు ముఖ్యము. ఒక వ్రాతప్రతి మంచిదని పేరుపడినంత మాత్రమున దానిలోని ప్రతి మాటను కన్నుమూసికొని స్వీకరింపరాదు. ఒక్కొక్క మాటను విడివిడిగా తూచవలెను.

జువెనాల్‌కును వేమనకును ఒక పెద్ద భేదము కలదు. జువెనాల్ కావ్యములు పొడవైనవి. వ్రాతమూలముననే తరతరములకు సాగినవి. వేమన పద్యము చిన్నది. నోటినుండి నోటికి సాగినది. మామిడితోటలవారికి ఈ భేదము సులభముగా బోధపడును. టెంక నాటినచో మొలచిన చెట్టు తల్లిచెట్టును అచ్చముగా పోలదు, అంటుకట్టినచో పోలును. శ్రద్ధగల వ్రాయసకాడు మాతృకను చూచి గంటముతో ఎత్తివ్రాసిన ప్రతి అంటుమొక్క వంటిది. నోటిమాటగా పోవు పద్యము టెంక మొక్క వంటిది. అది ఏ యూర మొలచిన ఆ యూరి మన్ను రుచి పట్టును. అందుచేత వేమన విషయమున పరిశోధకుని పని మరింత కష్టము.

ఈ కష్టమునకు మొదట పూనుకొన్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఈయన 1798 లో కలకత్తాలో జన్మించెను. కుంఫిణీ కొలువునకు మద్రాసు వచ్చి, 1820 లో కడపకు వచ్చెను. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన గ్రంథములో వేమన పేరు చూచి, 1824 లో బందరులో ఆ పద్యములను వెదకి చదువ మొదలిడెను. పెద్ద పండితులు వేమనను కవిగా లెక్కింపని కాలమది. బ్రౌను పలుతావులనుండి వ్రాతప్రతులను తెప్పించి, తన సొంత వ్యయముతో పండితులను నిలిపి, ఒక ప్రతిని మరియొక ప్రతితో పోల్చి పాఠభేదములను గుర్తింపజేసెను. 1829 లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1839 లో వెలువడిన రెండవ కూర్పులో పద్యములు 1164 అయినవి. తరువాత ఇతరులు ప్రకటించిన సంపుటములలో సంఖ్య వేలకు ప్రాకినది.

పదియేండ్లలో 693 పద్యములు 1164 అగుట బ్రౌను కృషి ఫలము. ఆయన మరికొన్ని ప్రతులు చూచెను. కాని అటుపిమ్మట వేలకు పెరిగినది మాత్రము మనలను ఆలోచింపజేయవలెను. చనిపోయిన కవి క్రొత్తగా వ్రాయడు. పెరిగిన భాగములో నిజముగా వెదకి తెచ్చినదెంత, నడుమ మొలచినదెంత యని విచారింపవలసి యుండును. అట్లని బ్రౌను ప్రకటించినవి మాత్రమే వేమనవని యనుటయు తప్పే. ఆయనయు తన యభిరుచిని బట్టి ఏరికొనెను. ఏరినవాడు విడిచినదంతయు నకిలీ కాదు.

కడపలో బ్రౌను నివసించిన తావున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికచే ఆయన పేరిట గ్రంథాలయము వెలసి, భాషాపరిశోధన కేంద్రమైనది. 2006 లో అదే కడపలో యోగి వేమన పేర విశ్వవిద్యాలయము నెలకొన్నది. ఒకనాడు పండితులు లెక్కచేయని కవి పేరు నేడు పండితుల సంస్థకే పేరైనది.

బ్రౌను తరువాత మన వారిలో ముఖ్యముగా స్మరింపదగినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున 1928 లో అనంతపురమున వారు వేమనను గూర్చి ఉపన్యసించిరి. 1929 లో ఆ యుపన్యాసములు గ్రంథముగా వెలువడినవి. శర్మగారు సంస్కృతాంధ్రములందును సంగీతమునందును ఆరితేరినవారు. అట్టి విద్వాంసులు వేమనను మహాకవిగా నెంచి, ఆయన కాలమును, మతమును, కవిత్వమును, హాస్యమును వేరువేరుగా విచారించుటయే పండితలోకమున పెద్ద మార్పునకు కారణమైనది. పిమ్మట నార్ల వేంకటేశ్వరరావుగారు వేమనను పాశ్చాత్యు లెట్లు చూచిరో 1969 లో ఆంగ్లమున గ్రంథము వ్రాసిరి. ఎన్. గోపిగారు డాక్టరు పట్టమునకై వేమనను పరిశోధించి ‘ప్రజాకవి వేమన’ యను గ్రంథము నిచ్చిరి. పారిస్ నగరపు గ్రంథాలయమున భద్రమైయున్న వేమన పద్యముల వ్రాతప్రతిని 1990 లో ప్రకటించిరి. మన యూళ్లలో పుట్టిన పద్యములు సముద్రములు దాటి పారిస్‌లో నిలిచినవి. మన అటకలమీద నున్నవి మాత్రము చెదలకు తిండియైనవి. ఇది మనకు సిగ్గు కలిగింపవలసిన సంగతి.

ఈ పండితులు పద్యమును పరీక్షించు విధమేమి? మొదటిది, ఎన్ని ప్రతులలో నున్నది, అవి ఎంత పాతవి యని చూతురు. ఒకే మాతృకనుండి ఎత్తివ్రాసిన పది ప్రతులు పది సాక్ష్యములు కావు; ఒక్క సాక్ష్యమే. రెండవది, మాటలను చూతురు. ఒక పద్యమున పొగాకు మాటయో మిరపకాయ మాటయో యున్నదనుకొందము. అవి రెండును అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి వలన పదునారవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినవి. కనుక ఆ పద్యము అంతకుముందుది కానేరదు. మూడవది, ఛందస్సును చూతురు. యతి తప్పినచోట మాట యేదైన మారినదేమో విచారింతురు. ఈ పరీక్షలలో ఏ యొక్కటియు పూర్తి తీర్పు నీయజాలదు. అన్నియు కలిసి ఒక వైపునకు మొగ్గినప్పుడే కొంత ధైర్యముతో చెప్పవచ్చును.

వేమన కాలమునే చూడుడు. పదునైదవ శతాబ్దము మొదలుకొని పదునెనిమిదవ శతాబ్దము వరకు పలువురు పలువిధముల చెప్పిరి. పుట్టినయూరు కొండవీడని కొందరు, గండికోట ప్రాంతమని కొందరు. కదిరి దాపున కటారుపల్లెలో ఆయన సమాధి యున్నదని మాత్రము జనులు నేటికిని సేవించుచున్నారు. కొండవీటి రాజకుమారుడై, వెలయాలి వలలో చిక్కి, వదినెగారి ఉపాయముచే విరక్తుడై, యోగియయ్యెనను కథ మీ యందరికిని తెలిసినదే. మకుటములోని ‘అభిరామ’ శబ్దమును బట్టి అభిరాముడను కంసాలి మిత్రుని కథయు నున్నది. ఈ కథలు చక్కనివి. కాని కథను బట్టి పద్యము పుట్టినదా, పద్యమును బట్టి కథ పుట్టినదా యని యడుగవలెను. శృంగారపద్య మొకటి, వైరాగ్యపద్య మొకటి కనబడగానే, రెంటికిని పొత్తు కుదుర్చుటకు ఒక జీవితకథ కావలసి వచ్చును. జనులు దానిని కల్పించి యుండవచ్చును.

జువెనాల్ విషయమునను ఇట్లే జరిగినది. 1954 లో గిల్బర్ట్ హైయెట్ అను పండితుడు ఆ కవి కావ్యములనుండియే ఆతని కష్టములను, నిరాశను, జీవితమును అల్లి చూపెను. దీనిని విలియం ఆండర్సన్ మున్నగువారు అంగీకరింపలేదు. లాటిను భాషలో ‘పెర్సోనా’ యనగా నాటకమున నటుడు ధరించు మొగముతొడుగు. అధిక్షేపకవి ‘నేను’ అన్నప్పుడు, ఆ ‘నేను’ కవియే కానక్కరలేదు. ఆతడు ధరించిన తొడుగు కావచ్చునని వారి వాదము. వీధినాటకమున కీచకవేషధారి పలికిన మాటకు ఆ వేషధారిని మరునాడు నిలదీయము కదా! అట్లే వేమన ఒక పద్యమున స్త్రీలను నిందించినచో, అది ఆయన నిశ్చితాభిప్రాయమో, లోకులాడు మాటను లోకులకే అప్పగించుటయో, ఆలోచింపవలసి యుండును.

ఇచ్చట నొక హెచ్చరిక చేయకతప్పదు. మనకిష్టములేని పద్యమునెల్ల ‘ఇది వేషము’ అనియో, ‘ఇది ప్రక్షిప్తము’ అనియో త్రోసివేసి, ఇష్టమైనవానిని మాత్రము వేమనకు అంటగట్టినచో, మనము రిబ్బెక్ చేసిన తప్పే చేసినవారమగుదుము. కులగర్వమును ఖండించిన పద్యము వేమనదని సంతోషింతుము. ఆడువారిని తూలనాడిన పద్యము ఎవ్వరో చేర్చినదందుము. సాక్ష్యము రెంటికిని ఒక్కటియే యైనప్పుడు ఇట్లు చేయుట న్యాయము కాదు. పూర్వకవికి తన కాలపు లోపము లుండవచ్చును. వానిని కడిగివేయుట పరిశోధకుని పని కాదు, కవిని ప్రేమించువాని పనియు కాదు.

బనగానపల్లెవారికి ఈ విచారము మరియొక విధముగను దగ్గరిది. శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట గోవులను కాచిరనియు, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసిరనియు, ఆ తాళపత్రములను పట్టణమున చింతచెట్టు క్రింద నిక్షేపించిరనియు అచ్చటి సంప్రదాయము. లోకమున ఏ వింత జరిగినను, ‘ఇది కాలజ్ఞానములో నున్నది’ అనువారుందురు. సంఘటన జరుగకమునుపటి ఏ ప్రతిలో నున్నదని మనమడిగినచో అది అవిశ్వాసము కాదు. మహానుభావుని మాటను, ఆయన పేర ఎవ్వరో నిన్న కట్టిన మాటనుండి వేరుచేసి కాపాడుటయే నిజమైన భక్తి యని నా నమ్మకము.

ఇక మీరు చేయదగిన పని యొకటి కలదు. పండితులు ఎంత వెదకినను మీ యింటి అటక వారికి కానరాదు. మీ యిండ్లలో పాత తాటాకు కట్టలున్నచో, చదువరాలేదని పుష్కరములలో నదికి అప్పగింపవలదు. పొడిగుడ్డలో చుట్టి, తేమ తగలనిచోట నుంచి, కడప బ్రౌను కేంద్రమువారికిగాని, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్యపరిశోధన సంస్థవారికిగాని తెలియజేయుడు. పైయాకున వేంకటేశ్వర శతకమున్నను, లోపల నాలుగాకులు వేమనవి యుండవచ్చును. ఆక్స్‌ఫర్డు విద్యార్థి కన్ను అట్టి చోటనే పడెను.

నోటనున్న పద్యములను కూడ వ్రాసి యుంచుడు. ఎట్లు వింటిరో అట్లే వ్రాయుడు. యతి తప్పినదని సరిదిద్దకుడు, వినసొంపుగా లేదని మార్చకుడు. ఎవరి నోట వింటిరి, ఏ యూర, సుమారు ఏ యేట, ఈ మూడును పద్యము క్రింద చేర్చుడు. మీకు తప్పుగా తోచిన మాటయే రేపటి పరిశోధకునికి దారి చూపవచ్చును. మన పెద్దలు ఒక్కొక్కరుగా వెడలిపోవుచున్నారు. వారితో కూడ వారి పాఠములును పోవుచున్నవి.

కడపట, నా పెండ్లిపందిరి పద్యము మాట. దానిని బ్రౌను కూర్పులో వెదకితిని; కనబడలేదు. సంతలో కొన్న యొక చౌకప్రతిలో కనబడినది. ఇంతటితో అది వేమనది కాదని తేల్చి నిశ్చింతగా నుండవలెనని మొదట నాకాశ కలిగినది. కాని పైన చెప్పిన న్యాయమునుబట్టి అట్లు తేల్చుటకు నాకధికారము లేదు. అది ఆయనది కావచ్చును, కాకపోవచ్చును. చాలకాలము ఈ మొదటి ప్రశ్నయందే చిక్కుకొని యుంటిని. ఆ వృద్ధుడు అడిగినది రెండు ప్రశ్నలని నాకు ఆలస్యముగా తెలిసినది. వేమన్న చెప్పినాడా యన్నది ఒకటి. నీవు చెప్పుచున్నావా యన్నది రెండవది. మొదటిదానికి పండితులే ఇంకను వెదకుచున్నారు. రెండవదానికి సమాధానము ఆనాడే నాకు తెలిసియుండవలెను. పద్యమెవరిదైనను, ఆ పందిరి క్రింద, ఆతని యెదుట, దానిని పలికిన నాలుక నాది. కవి పేరు చాటున దాగి నేనొక మనుష్యుని నొప్పించితిని. వేమన యట్టివారి నెందరినో వెక్కిరించెను. ఇతరుల వాక్యము చూపి తమ నడవడిని కప్పిపుచ్చుకొనువారిని ఆయన మన్నింపలేదు.

తరువాత రెండు మూడేండ్లకు మరల ఆ యూరు పోయి విచారించితిని. ఆతడు కాలము చేసెననిరి. చెప్పవలసిన మాట నాయొద్దనే మిగిలిపోయినది. ఇప్పుడాతడు ఎదురుగా నిలిచి అడిగినచో, “వేమన్న సంగతి నాకు తెల్దు తాతా, చెప్పింది మాత్రం నేనే” అందును.

పెద్దలగు మీరు తగవులు తీర్చునప్పుడు, పిల్లలకు బుద్ధి చెప్పునప్పుడు పద్యము నుదాహరింతురు. ఉదాహరించుటకు ముందు ఈ రెండు ప్రశ్నలను ఒక్కసారి తలచుకొనుడని వినయముతో కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.